రెండోసారి అడిగేవాళ్ళు

ఎమ్మే జర్మన్ చదువుతున్నానని చెప్పగానే మా ఊళ్ళో ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న, "నర్సింగు ఎక్కడ చేశావమ్మా?" అని. వాళ్ళ తప్పేం లేదు. గోదావరికి అటూ ఇటూ ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్లు ఉన్న మేడల మీద ఇప్పుడు జర్మన్ నేర్పే బోర్డులు వేలాడుతున్నాయి. నేర్చుకునేవాళ్ళంతా అక్కడి ఆసుపత్రుల్లో ఉద్యోగాలకు వెళ్ళబోయే నర్సులు. నేను నర్సును కాననీ, చదివేది జర్మన్ సాహిత్యమనీ చెబితే ఎదుటివాళ్ళ ముఖంలో కాస్త జాలి కనిపించేది. మా వీధి చివర ఎరువుల కొట్టాయన మాత్రం జాలిపడలేదు. చాలాసేపు ఆలోచించి అడిగాడు.

"అంటే వాళ్ళ కథలు మనం చదవడం అన్నమాట."

"అవునండి."

"మరి మన కథలు వాళ్ళు చదువుతారా?"

"కొందరు చదువుతారండి."

"అయితే పర్లేదు," అన్నాడాయన, బాకీ తీరినట్టు.

నేను జర్మన్‌లో పడటానికి కారణం మా భోజనాల బల్ల. నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఇంటికి కాస్త పొలం ఉంది. అయితే ఆయన మనసంతా రాజమండ్రిలోని హేతువాద సంఘం మీద ఉండేది. నెలకోసారి అక్కడ చర్చ. పదో తరగతి నుంచే నేను ఆ మైకు ముందు నిలబడి ముహూర్తాలనీ, వాస్తునీ, దిష్టి గుమ్మడికాయలనీ చీల్చి చెండాడేదాన్ని. ఇంట్లోనూ అదే వరస. ఎవరేమన్నా కారణం చెప్పి తీరాలి. కూరలో ఉప్పు ఎక్కువైందంటే, "దేనితో పోల్చి?" అని అడిగేవారు నాన్నగారు. "నా నాలికతో పోల్చి," అని అమ్మ గిన్నె పెట్టేసి లోపలికి వెళ్ళిపోయేది. ఆ వాదనకు మా సంఘం ఇంతవరకూ జవాబు కనుక్కోలేదు.

ఆ చర్చల్లో పెద్దలు ఒక మాట తరచూ అనేవారు. స్వర్గాన్ని నిలదీసిన పుస్తకాలు చాలామటుకు జర్మన్‌లో పుట్టాయి, మనం వాటిని ఇంగ్లీషులోకి వెళ్ళి వచ్చిన తెలుగులో చదువుకుంటున్నాం అని. ఇన్ని చేతులు మారిన మాటలు పట్టుకుని నేను ఎదుటివాడితో తగువాడటం ఏమిటని నాకు పట్టుదల పుట్టింది. రాజమండ్రి పొలిమేరలో ఉన్న యూనివర్సిటీలో జర్మన్ శాఖ ఉందని తెలిసి వెళ్ళి చేరాను.

శాఖ అంటే ఒక గది, ఒక బీరువా, ఒక సారు. బీరువా తాళం సారు దగ్గర, గది తాళం పక్క శాఖ అటెండరు దగ్గర ఉండేవి. ఇద్దరూ ఒకేసారి వచ్చిన రోజున చదువు సాగేది. సారు జర్మన్ మాట్లాడితే వ్యాకరణం తప్పేది కాదుగానీ, ప్రతి వాక్యం చివరా ఎక్కడో ఒక "అండి" ఉన్నట్టే వినిపించేది. పక్క గదిలో నర్సులకు సర్టిఫికెట్ కోర్సు. మేము శరత్కాలం మీద ఒక కవిత చదువుకుంటుంటే గోడ అవతలి నుంచి, "నొప్పి ఎక్కడ? ఎప్పటి నుంచి?" అని జర్మన్‌లో కోరస్ వచ్చేది. ఆ ప్రశ్నలు కవితకు బాగానే సరిపోయేవి.

ఉన్న కొద్దిమందిలో నాకు బాగా దగ్గరైంది ఉప్పాడ అమ్మాయి. చేపల వేట మీద బతికే ఇల్లు. తను హాస్టల్లో ఉండేది, నేను కొవ్వూరు వైపు నుంచి రోజూ వంతెన దాటి వచ్చేదాన్ని. జర్మనీలో ఉత్తర సముద్రం ఒడ్డున కట్టలు పోసుకుని బతికే ఊళ్ళున్నాయి. ఆ ఊళ్ళ మీద వాళ్ళు రాసుకున్న కథలను తను పరిశోధనకు తీసుకుంది. ఎందుకని సారు అడిగారు.

"మేముండే వీధి ఇప్పుడు నీళ్ళల్లో ఉందండి. వాళ్ళేం రాసుకున్నారో చూద్దామని," అంది, బస్సు ఆలస్యమైందని చెప్పినంత మామూలుగా.

నేను తీసుకున్నది మంత్రగత్తెల విచారణలు. ఆ దేశంలో ఆడవాళ్ళను మంత్రగత్తెలని నిలువునా కాల్చేసిన కాలంలోనే, అది అన్యాయమని కరపత్రాలు వేసినవాళ్ళూ ఉన్నారు. మన దగ్గర చేతబడి చేశాడని మనిషిని స్తంభానికి కట్టి కొట్టిన వార్తలు ఇంకా పేపర్లో వస్తూనే ఉన్నాయి. ఊరంతా ఒక పక్క నిలబడినప్పుడు ఒక్క మనిషి ఎలా వాదించాడో ఆ కరపత్రాల్లో చూసి, పనికొచ్చేది ఇక్కడికి తెచ్చుకోవాలని నా ఆశ.

తరవాత జరిగింది అర్థం కావాలంటే మా మూడో సెమిస్టరు పరీక్ష గురించి చెప్పాలి. జర్మన్ల జీవన విధానం మీద ఒక పేపరు ఉండేది. జర్మన్ ఇంటికి అతిథిగా వెళ్తే పాటించాల్సిన మర్యాదలేమిటో రాయమన్నారు. నేను రెచ్చిపోయి రాశాను. వాళ్ళు కావాలా అని ఒక్కసారే అడుగుతారు. కావాలంటే కావాలనాలి. వద్దంటే వద్దనే అర్థం, మళ్ళీ అడగరు. పళ్ళెంలో పెట్టించుకున్నది వదిలెయ్యడం అమర్యాద. ఇది మాటకూ మనసుకూ మధ్య దళారీ లేని పద్ధతి, అందుకే హేతుబద్ధమైన పద్ధతి, అని ముగించాను. ఆ పేపరులో నాకే ఎక్కువ మార్కులు. సారు నా జవాబు క్లాసులో చదివి వినిపించారు కూడా.

ఆ చలికాలంలో జర్మనీ నుంచి ఒక ప్రొఫెసరు వచ్చారు. పొడుగాటి మనిషి, పెద్దావిడ, నవ్వితే గదంతా వినిపించేది. వాళ్ళ యూనివర్సిటీలో ఒక సెమిస్టరు చదువుకోవడానికి మా శాఖ నుంచి ఒకరిని తీసుకుంటామని, ఖర్చులన్నీ వాళ్ళే పెట్టుకుంటారని చెప్పారు. అందరితోనూ మాట్లాడారు, మా పరిశోధన కాగితాలు చదివారు. ఆవిడ తిరిగి వెళ్ళడానికి కొద్ది రోజుల ముందు సారు నన్నూ ఉప్పాడ అమ్మాయినీ పిలిచారు.

"మీ ఇద్దర్లో ఒకరండి. ఆవిడకి ఇద్దరూ సమానమేనంట. ఎవరన్నది ఆవిడే అడిగి తేల్చుకుంటారంట."

నాకు ఆ సీటు ఎంత కావాలో చెబితే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. ఆ ఊరి గ్రంథాలయం ఫోటో నా ఫోన్లో తెర మీద పెట్టుకున్నాను. నాకు కావాల్సిన కరపత్రాలు, అసలువి, ఆ భవనంలో ఉన్నాయి. అడిగితే బల్ల మీదకు తెచ్చి పెడతారట. అమ్మ ఫోన్ చేస్తే ముందు ఆ కిటికీలు కనిపించేవి, తరవాతే అమ్మ పేరు.

ప్రొఫెసరుగారికి మా ఇంట్లో భోజనం అని సారు ఏర్పాటు చేశారు. ఏర్పాటు చేశారంటే, "మీ ఇంట్లో అయితే బాగుంటుంది కదమ్మా," అన్నారు. మా అమ్మ, "అంతకన్నానా," అంది. ఉప్పాడ అమ్మాయి అమ్మకు సాయానికి పొద్దున్నే వచ్చేసింది. పనసపొట్టు కూర, ముద్దపప్పు, గుత్తొంకాయ, దప్పళం, పులిహోర, గడ్డపెరుగు, చివర్లో పూతరేకులు. హాల్లో అరిటాకులు వేశాం. నాన్నగారు తెల్లచొక్కా వేసుకుని, వచ్చినావిడతో ఏ విషయం మీద చర్చ మొదలుపెట్టాలా అని ఆలోచిస్తూ కూర్చున్నారు.

చర్చకు సందు దొరకలేదు. ప్రొఫెసరుగారు వాళ్ళ దేశపు మర్యాద ప్రకారం ఆకులో ఒక్క మెతుకు మిగల్చకుండా తినేస్తున్నారు. మా అమ్మ మా జిల్లా మర్యాద ప్రకారం ఆకు ఖాళీ అవడం చూడలేదు. ఆవిడ ఖాళీ చేస్తారు, అమ్మ నింపుతుంది. ఆవిడ మళ్ళీ ఖాళీ చేస్తారు.

"ఇంకొంచెం పప్పు వేసుకోండమ్మా."

"నైన్, నైన్. డాంకే."

"ఏమంటుందే?"

"వద్దంటున్నారమ్మా," అన్నాను.

"అలాగే అంటార్లే," అని అమ్మ పప్పు వేసింది.

సారు కలగజేసుకుని, వద్దనుకుంటే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాలని ఆవిడకు జర్మన్‌లో చెప్పారు. ఆవిడ చెయ్యి పెట్టారు. ఉప్పాడ అమ్మాయి నా చెవిలో, "చెయ్యి అడ్డం పెడితే మీ అమ్మ వేళ్ళ సందుల్లోంచి వేస్తాది చూడు," అంది. దాదాపు అంత పనీ అయింది. ఆవిడ నవ్వు ఇల్లంతా వినిపించింది.

పెరుగన్నం దగ్గర ఆవిడ కాస్త నిమ్మళించి, నా వైపు తిరిగారు. మామూలుగా, ఉప్పు అందిస్తావా అన్నట్టుగానే అడిగారు.

"నీ కరపత్రాల మీద రాసింది చదివాను. బాగుంది. వచ్చే సెమిస్టరు నువ్వు మా దగ్గరికి వస్తావా?"

నా గుండె ఆకులోంచి లేచి పైకప్పుకు తగిలింది. నా నోరు మాత్రం తన పని తాను చేసుకుపోయింది.

"అయ్యో, వద్దండి. నాకంత అర్హత లేదు. నాకన్నా బాగా చదివేవాళ్ళున్నారు," అన్నాను, తప్పుల్లేని జర్మన్‌లో.

అన్నాక ఆకు వైపు చూస్తూ ఎదురుచూశాను. మా వైపు పద్ధతి మీకు తెలిసిందే. మొదటిసారి అడిగింది పలకరింపు. వద్దన్నది సంస్కారం. రెండోసారి, "అదేంటండీ, మీరే రావాలి," అంటారు. "మీకెందుకండీ శ్రమ," అంటాం. మూడోసారి అడిగినప్పుడు తలొంచుకుని, "మీరంతగా అంటే," అని ఒప్పుకుంటాం. పెళ్ళిచూపులు, పొలం కౌళ్ళు, కాఫీలు, అన్నీ ఇలాగే తేలతాయి. మా నాన్నగారు ఎవరింటికైనా వెళ్తే, ఇప్పుడే తాగి వచ్చానండీ అని వరసగా చెప్పి, రెండు కప్పులు తాగి వస్తారు.

ప్రొఫెసరుగారు తలూపారు. "నిజాయితీగా చెప్పావు. సంతోషం," అన్నారు. అని, అదే ఊపులో నా పక్కకు తిరిగారు. "మరి నువ్వు?"

ఉప్పాడ అమ్మాయి నోట్లో ముద్ద ఉంది. మింగేసి, "వస్తానండి. నాకు రావాలనే ఉంది," అంది.

"అయితే తేలిపోయింది," అని ప్రొఫెసరుగారు పూతరేకు విప్పుకున్నారు.

సారు నా వైపు ఎలా చూశారంటే, ఆ క్షణంలో ఆయన దగ్గర నా జవాబు పత్రం ఉంటే మార్కులు వెనక్కి తీసుకునేవారు.

సాయంత్రం అందరూ వెళ్ళాక మా ఇంట్లో చర్చ మొదలైంది. అధ్యక్షులు లేరు, గంట కొట్టేవారు లేరు.

"ఒక్కసారి అడిగి ఊరుకుంటారా ఎవరైనా?" అంది అమ్మ. "పిల్ల వద్దంటే వద్దనేనా?"

"మాటకు అర్థం మాటలోనే ఉండాలి కదా. వద్దంటే వద్దనే," అన్నారు నాన్నగారు.

"మరి నేను వడ్డిస్తుంటే ఆవిడ ఎన్నిసార్లు వద్దంది? నేనాగానా? ఆవిడెందుకాగింది?"

తర్కంలో అమ్మను ఓడించడానికి నాన్నగారి దగ్గర సూత్రమేదీ లేదు. అమ్మ న్యాయం ప్రకారం ఆవిడ చెప్పిన వద్దును మేం లెక్క చెయ్యలేదు కాబట్టి, నేను చెప్పిన వద్దును ఆవిడ లెక్క చెయ్యడం తప్పు.

నాకు మాత్రం కోపం నా మీదే వచ్చింది. దేవుడు లేడని వెయ్యి మంది ముందు చెప్పగలిగిన నోరు, నాకు కావాలి అని ఒక్క మనిషి ముందు చెప్పలేకపోయింది. మా సంఘం ఇన్నేళ్ళుగా తాయెత్తుల మీద తీర్మానం చేసింది, జాతకాల మీద చేసింది. మొహమాటం మీద ఒక్కటీ చెయ్యలేదు. దానికి గుడి లేదు, పూజారి లేడు, హుండీ లేదు. అందుకే ఎవరి కంటా పడకుండా మా అందరి నోళ్ళలోనూ కాపురం పెట్టింది. అసలు అదేమీ సంస్కారం కాదు, ఎదుటివాళ్ళ చేత మన మనసు కనిపెట్టించుకునే ఆట, అని నాలో నేనే ఒక ఉపన్యాసం ఇచ్చుకున్నాను. చప్పట్లు పడలేదు.

మర్నాడు సారు అందరినీ పట్టిసీమ తీసుకెళ్ళే ఏర్పాటు చేశారు. ప్రొఫెసరుగారికి గోదావరి మధ్యలో కొండ మీది వీరభద్రుడి గుడి చూపించాలని ఆయన కోరిక. నాన్నగారు కూడా బయలుదేరారు. "నేను మెట్ల దాకా వస్తాను. గాలి కోసం," అని ముందే ప్రకటించారు. రేవు దాకా కారులో వెళ్ళి అక్కడ పడవ ఎక్కాం. ఆ వారంలో యాత్రికులు పెద్దగా లేరు. పడవ ముందు భాగంలో ప్రొఫెసరుగారు, సారు, నాన్నగారు. వెనక బల్ల మీద నేనూ ఉప్పాడ అమ్మాయీ.

నేను రాత్రంతా తయారుచేసుకున్న వాదన తలలో ఉంది. నిన్నటి నా మాటను మా ప్రాంతపు పద్ధతిలో అర్థం చేసుకోవాలి, ఆ లెక్కన అది అవును కిందికే వస్తుంది, కాబట్టి మొదట అడిగింది నన్నే కనుక సీటు నాదే. ఎక్కడా సందు లేని వాదన. కానీ పక్కనున్న మనిషికి చెప్పకుండా ఆవిడ దగ్గరికి వెళ్తే చాటుగా చేసినట్టు ఉంటుందని, ముందు తనకే చెప్పాను.

"ఒసేయ్, నేను నిన్న మొహమాటానికి వద్దన్నాను. ఇప్పుడు వెళ్ళి నాకు కావాలని అడుగుతాను. నీకు కోపం వస్తుందా?"

"అడుగు. అడగడానికేముందే?" అంది తను. నీళ్ళ వైపు చూస్తూ పల్లీలు వలుచుకుంటోంది. "నువ్వు వద్దంటే నిజంగానే వద్దనుకున్నావేమో అనుకున్నాను. ఈ మంత్రగత్తెల పిచ్చి తగ్గిందేమోలే అని."

"నువ్వు కూడానా? నీకు తెలియదా మనవాళ్ళ సంగతి?"

"మీవాళ్ళ సంగతి," అంది. "మా ఒడ్డున వేరు. పడవలు రాగానే చేపల బుట్టలు వరసగా పెట్టి వేలంపాట పెడతారు కదా. మా అమ్మ అక్కడే కొని ఊళ్ళల్లో అమ్మేది. పాట నడిపేవాడు నీకు కావాలా అన్నట్టు ఒకసారి చూస్తాడు. అంతే. ఆ చూపుకి మా అమ్మ తలూపకపోతే బుట్ట పక్కామెకి వెళ్ళిపోద్ది. ఆ రోజుకి ఇంక అమ్ముకోడానికేం ఉండదు. మొహమాటపడితే ఏం తింటాం?"

"అయినా మీ ఇళ్ళలో భోజనాల దగ్గర..."

"భోజనాల దగ్గర ఉంటే పెడతారు, తింటాం. చిన్నప్పుడు ఒకసారి చుట్టాలింట్లో నేను మీలాగే వద్దండీ అన్నాను, టీవీలో చూసి. పళ్ళెం తీసేశారు. మా అమ్మ ఇంటికొచ్చాక, 'మనల్ని రెండోసారి అడిగేవాళ్ళెవరే?' అంది." తను పల్లీలు నా చేతిలో పోసింది. "తిను. ఒకసారే అడుగుతున్నాను."

నేను తిన్నాను.

రాత్రి నేను నాకిచ్చుకున్న ఉపన్యాసంలో ఒక పెద్ద కన్నం ఉందని అప్పుడు కనిపించింది. మొహమాటం ఒక ఆట అని తిట్టాను గానీ, ఆ ఆట ఎవరాడగలరో అడగలేదు. ఎవరో గిన్నె పట్టుకుని మన ఆకు ముందే నిలబడతారని, మనం ఎన్నిసార్లు వద్దన్నా కదలరని నమ్మకం ఉన్నవాళ్ళు ఆడతారు. పొలమున్న ఇళ్ళవాళ్ళం, నలుగురు పలకరించే ఇళ్ళవాళ్ళం ఆడతాం. నేను అనుభవించినదాన్ని సంస్కారం అనుకున్నాను, తరవాత రోగం అనుకున్నాను. అసలు అది మా ఇంటి ఆస్తి. ఇప్పుడు నేను చెయ్యబోయే వాదనేమిటి? ఒక్కసారే అడిగితే ఒక్కసారే జవాబు చెప్పిన పిల్ల పళ్ళెం తీసి, నన్ను రెండోసారి అడగండి అని. ఇదే వాదన నా ఎదురుగా మైకులో ఎవడైనా చేసి ఉంటే వాణ్ణి కూర్చోనిచ్చేదాన్ని కాదు.

పడవ కొండ దగ్గర ఆగింది. సారు గుడి చరిత్ర చెబుతూ ముందు వెళ్తున్నారు. నాన్నగారు మాట ప్రకారం మెట్ల దగ్గర ఆగి, అటు పక్క పడవవాడితో ఎత్తిపోతల పథకం మీద చర్చ మొదలుపెట్టారు. ప్రొఫెసరుగారు చెప్పులు విప్పుతూ నన్ను చూసి, "నిన్నటి నుంచి నీ ముఖం బాగాలేదు. నేనేమైనా తప్పు చేశానా?" అని అడిగారు.

అబద్ధం చెప్పే అవకాశం అంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు. అబ్బే ఏం లేదండీ అంటే సరిపోయేది. చెప్పలేదు. మొహమాటం అంటే ఏమిటో, మా ఇళ్ళలో ఎన్నిసార్లు అడుగుతారో, నిన్న నా వద్దు ఎలాంటి వద్దో, మొత్తం చెప్పాను. పరిశోధన పత్రం చదువుతున్నట్టు శ్రద్ధగా విన్నారావిడ. ఒక చెప్పు కాలికి, ఒకటి చేతిలో.

"అంటే నీకు కావాలనే ఉంది."

"చాలా కావాలనుంది."

"మరి నేనిప్పుడేం చెయ్యాలి? ఊరెళ్ళి కాగితం పంపే దాకా ఏదీ ఖాయం కాదు. మీ ఇద్దరూ నాకు సమానమే అని ముందే చెప్పాను. మీ పద్ధతి తెలియక అన్యాయం చేసినట్టున్నాను. సరే, రెండోసారి అడుగుతున్నాను. వస్తావా?"

నా జీవితంలో నేను ఎదురుచూసిన రెండోసారి అది. గ్రంథాలయం కిటికీలన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. పైన మెట్ల మీద ఉప్పాడ అమ్మాయి వెనక్కి తిరిగి చూస్తోంది. మా మాటలు వినపడేంత దూరంలోనే ఉంది, దాచుకోడానికేం లేదు.

"వద్దండి," అన్నాను. "తనని అడిగారు, తను వస్తానంది. అది అయిపోయింది."

ఆవిడ చేతిలో చెప్పు కింద పెట్టి నవ్వారు. "నాకిప్పుడు తెలిసింది కదా. ఇది మర్యాద. మూడోసారి అడగాలి. వస్తావా?"

"ప్రొఫెసరుగారూ, ఇది నిజం వద్దు."

"మీ అమ్మగారు నా నిజం వద్దును ఎన్నిసార్లు నమ్మారు?"

"నమ్మలేదండి."

"అయితే నేనెందుకు నమ్మాలి?"

హేతువాద సంఘంలో ఇన్నేళ్ళు నేర్చుకున్న వాదనా పటిమంతా, నాకు ఒకటి వద్దని ఒక మనిషిని నమ్మించడానికి ఖర్చయింది. కారణం కావాలన్నారు. చెప్పాను. పాట దగ్గర బుట్ట సంగతి చెప్పాను. ఉత్తర సముద్రం కట్టల ఊళ్ళు చూడాల్సిన అవసరం, వీధి పోయిన మనిషికి ఎక్కువన్నాను. నా కరపత్రాలు కాల్చినా కాలకుండా ఇన్నాళ్ళున్నాయి, ఇంకో ఏడాది ఉంటాయన్నాను. చివరికి ఆవిడ ఊరుకున్నారు.

మెట్ల మీద నుంచి ఉప్పాడ అమ్మాయి దిగి వచ్చింది. "ఏంటే, నాకోసం త్యాగం గీగం చేస్తున్నావా? నాకొద్దు ఆ సోది. కావాలంటే తీసుకో."

"త్యాగం లేదు, ఏం లేదు. పాటలో తలూపింది నువ్వు. బుట్ట నీది."

"నిజంగా వద్దా?"

"నువ్వు కూడా మూడుసార్లు అడుగుతావా?"

"లేదు. ఒకసారే," అంది. అని, నా జడ పట్టుకుని లాగి మళ్ళీ మెట్లెక్కింది. కాసేపటికి పైనుంచి ఈల వేసింది, గుడి ముందు నిలబడి. నాన్నగారు కింద నుంచి మెచ్చుకోలుగా చూశారు.

ఇంటికొచ్చాక కష్టాలు మొదలయ్యాయి. నేను రెండోసారి కూడా వద్దన్నానని అమ్మ ఊరంతా చెప్పింది. ఎవరూ నమ్మలేదు. ఎరువుల కొట్టాయన ఆపి మరీ అడిగాడు. "మొహమాటపడ్డావంటగా?"

"లేదండి. నిజంగానే వద్దన్నాను."

"అలాగే అంటార్లే," అన్నాడాయన, అచ్చం మా అమ్మలా. ఈ వీధిలో ఆత్మ లేదని ఒప్పించగలనేమోగానీ, నా వద్దు నిజమైన వద్దని ఒప్పించలేను.

ప్రొఫెసరుగారు వెళ్ళే రోజున స్టేషన్‌కి అమ్మ ఆవకాయ డబ్బా, పూతరేకులు పట్టుకొచ్చింది. ఆవిడ తెలుగులో, "వద్దండి," అన్నారు. అమ్మ సంచిలో పెట్టేసింది. ఆవిడ నా వైపు చూసి కన్ను గీటారు. ఆ ముఖంలో ఆ వద్దు నిజమో అబద్ధమో ఇక నాకు కూడా తెలియలేదు.

మా సంఘంలో మొహమాటం మీద చర్చ పెడదామన్నాను. వక్తలుగా ఎవరు మాట్లాడతారని అధ్యక్షులు అడిగితే, "పెద్దలు, మీరే మాట్లాడాలి," "అబ్బే, మీ ముందు మేమెంత," అనుకుంటూ సమయం అయిపోయింది. నేను లేచి, నేను మాట్లాడతానని చెప్పాను. ఆ సభలో ఎవరైనా అంత మొరటుగా ఒప్పుకోవడం అదే మొదటిసారట.

ఉప్పాడ అమ్మాయి ఏప్రిల్లో వెళ్ళింది. వెళ్ళే ముందు మా ఇంట్లో భోజనం చేసింది. అమ్మ ఇంకొంచెం వెయ్యనా అన్న ప్రతిసారీ, "వెయ్యండి పిన్నిగారూ," అంటుంటే అమ్మ కంగారుపడి వంటింట్లోకి వచ్చి, "ఈ పిల్ల అడగ్గానే ఒప్పేసుకుంటోందే, నేను బతిమాలేదెప్పుడు?" అంది.

నేను మిగిలిన చదువు ఇక్కడే, సారు బీరువాలో దొరికిన ప్రతులతో, అక్కడి గ్రంథాలయం వాళ్ళు స్కాన్ చేసి పంపిన కొన్ని పేజీలతో సాగిస్తున్నాను. ఆ కాగితం వాసన ఎలా ఉంటుందో తెలియదు. తెలుసుకోవాలని ఉంది. ఆ మాట ఇప్పుడు అడిగినవాళ్ళకల్లా చెబుతున్నాను.

మొన్న తను వీడియో కాల్ చేసింది. సముద్రం కట్ట మీద నిలబడి ఉంది. గాలికి మాట సగం కొట్టుకుపోతోంది. గడ్డి పరిచిన పొడుగాటి కట్ట, దాని కింద గొర్రెలు, అటు పక్క బూడిద రంగు నీళ్ళు. మా సముద్రం ఇంత నెమ్మదిగా ఉండదే, ఇది లోపల్లోపల తింటాది, అంది. చలికి ఫోన్ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటోంది.

"ఇంకా చూస్తావా? గ్లవ్స్ లేవు. ఫోన్ పట్టుకోలేకపోతున్నాను."

"ఆఁ," అన్నాను. "ఇంకా చూపించు."